పై ఇంటి కేక

"స్పే...ట్!"

నదికి ఎగువనున్న పై ఇంటివైపు నుంచి కేక వినిపించింది.

పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్న ఇష్‌బెల్ తలెత్తి చూసింది. ఎండ ఫెళ్లున కాస్తోంది. మబ్బు తునకైనా లేదు.

"మొదలెట్టింది మహాతల్లి!" అని విసుక్కుంది.

స్పేట్ అంటే వరదే. కానీ మామూలు వరద కాదు. ఎక్కడో కొండమీద వాన పడితే, కింద ఎండ కాస్తుండగానే నది ఒక్క ఊపున వచ్చి మీద పడుతుంది. పట్నంలో పేపర్లవాళ్లు వరసగా నాలుగు దొంగతనాలు జరిగినా 'దొంగతనాల స్పేట్' అని ఆ మాటే రాస్తారు. ఆ మాట ఎక్కడ పుట్టిందయ్యా అంటే చదువుకున్నవాళ్లు తల గోక్కుంటారు. ఈ స్కాట్లాండు లోయలో మాత్రం ఎవర్నడిగినా పై కొండకేసి వేలు చూపిస్తారు.

సెల్‌ఫోన్లు పలకని లోయ అది. పై ఇంటివాళ్లు కేక వేస్తే, కింది ఇంటివాళ్లు "విన్నాం!" అని బదులిచ్చి, ఇంకా కిందికి అందించాలి. బదులు వినిపించేదాకా కేక వేసినవాళ్లు ఒడ్డు వదలకూడదు. తాతలనాటి కట్టుబాటు.

ఆ పై ఇల్లు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండేది. ఈ వసంతంలోనే ఇంగ్లండు నుంచి ఒకావిడ వచ్చి దిగింది. వచ్చిన రోజే ఇష్‌బెల్ వాళ్ల గుమ్మంలో నిలబడి, "స్పేట్ అంటే ఏంటమ్మా? ఆ కేక ఎలా వెయ్యాలి?" అని అడిగింది.

"పేరైనా చెప్పకుండా కేకలు నేర్చుకుంటుందిట!" అని ఇష్‌బెల్ మొగుడు రానల్డ్ పగలబడి నవ్వాడు.

నేర్చుకుంది. అక్కడే వచ్చింది తంటా. నీళ్లు కాస్త రంగు మారితే కేక. జానెడు పెరిగితే కేక. గడ్డికోతలు ఆపుకుని జనం ఒడ్డుకి పరిగెత్తడం, ఏమీ లేక తిట్టుకుంటూ వెనక్కి రావడం. ఆవిడకి 'కేకలావిడ' అని పేరు పడిపోయింది.

పోయిన వారం రానల్డ్ ఆవిడ గేటు బయటే నిలబడి చెప్పేశాడు.

"ఇంకోసారి అరిచారంటే మేం పలకం మేడమ్."

"పలక్కపోయినా సరే బాబూ. అరవకుండా ఉండలేను," అందావిడ.

"స్పే...ట్!"

ఇవాళ ఆ కేకకి ఇష్‌బెల్ బదులివ్వలేదు. ఇంకో దుప్పటి అందుకుంది.

మళ్లీ కేక. మళ్లీ. గొంతు బొంగురుపోయినా ఆపడం లేదు.

ఇష్‌బెల్‌కి అప్పుడు గుర్తొచ్చింది. రానల్డ్ గొర్రెల్ని తోలుకురావడానికి నది మధ్య లంకలోకి వెళ్లాడు!

చేతిలో దుప్పటితోనే ఒడ్డుకి పరిగెత్తింది. నీళ్లు డికాక్షన్ రంగుకి తిరిగాయి. పుల్లలు, నురగ కొట్టుకొస్తున్నాయి. పైన ఎక్కడో బండరాళ్లు దొర్లుతున్న చప్పుడు.

"రానల్డ్! వచ్చెయ్! స్పేట్!"

"నీకూ అంటుకుందా ఆవిడ పిచ్చి?"

"నీకు దణ్ణం పెడతా, వచ్చెయ్యవయ్యా! గొర్రెలు పోతే పోనీ!"

ఆ ఏడుపు గొంతు విని కదిలాడు. దిగినప్పుడు మోకాలి లోతు. సగం దూరం వచ్చేసరికి నడుం దాటింది. కాళ్లు నిలవడం లేదు. ఇష్‌బెల్ చెట్టు మొదలు పట్టుకుని, దుప్పటి కొస విసిరింది. దొరకలేదు. దేవుడా దేవుడా అనుకుంటూ మళ్లీ విసిరింది. ఈసారి దొరికింది.

అతను ఒడ్డెక్కాడో లేదో, వెనక లంక కనిపించకుండా పోయింది. గొర్రెలూ పోయాయి.

ఇష్‌బెల్ కింది ఇంటికి కేక అందించి, అతని పక్కన కూలబడింది. ఉన్నట్టుండి ఆమె లేచి నిలబడింది.

"రానల్డ్, పైనుంచి కేక రావడం లేదు."

"నువ్వు బదులిచ్చావా?"

"లేదు."

అతను దిగ్గున లేచాడు.

"విన్నాం!" అని ఇష్‌బెల్ గొంతు చించుకుని అరిచింది. "విన్నామమ్మా! ఇంక లోపలికి వెళ్లు తల్లీ!"

నది హోరు తప్ప ఏమీ వినిపించలేదు.

ఇద్దరూ పరిగెత్తారు. పై ఇంటి ముందు, ఆవిడ రోజూ నిలబడే చోట ఒడ్డు లేదు. పెద్ద ముక్క విరిగి నదిలోకి పోయింది. ఇంటి తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరూ లేరు.

నదివైపు కిటికీకి ఓ ఎర్ర ఊలు టోపీ వేలాడుతోంది. ఒక పక్క పచ్చ ఊలుతో మాటు వేసి ఉంది.

దాన్ని ముట్టుకోబోయి ఇష్‌బెల్ చెయ్యి వెనక్కి లాక్కుంది.

మూడేళ్ల కిందట, ఈ ఇంట్లో కేక వేసే దిక్కు లేని రోజుల్లో, ఒడ్డున గుడారం వేసుకుని పడుకున్న ఓ పరాయి ఊరి కుర్రాడిని స్పేట్ తీసుకుపోయింది. రెల్లు దుబ్బుల్లో చిక్కుకున్న ఈ టోపీని ఇష్‌బెలే తీసి పోలీసులకిచ్చింది.

టోపీని కుర్రాడి తల్లికి అందజేశామని వాళ్లు తర్వాత చెప్పారు.