పాట ముగియకముందే

“మళ్ళీ రాయి అమ్మడూ,” అన్నాడు తండ్రి. “పాట ఆపేసి మనకే నేరుగా ఇచ్చెయ్యమను.”

కూతురు ఫోను చేతిలోకి తీసుకుంది. పొద్దుటి నుంచి ఇది మూడోసారి. వేలం సైటులో ఆ చెక్క ఉయ్యాలకు అప్పటికే నలుగురు పాట పాడి ఉన్నారు. గడువు ఇంకా రెండు రోజులుంది.

“అమ్మే ఆవిడ కుదరదని చెప్పేసింది కదా నాన్నా. మధ్యలో ఆపేస్తే పాడినవాళ్ళకి అన్యాయం చేసినట్టవుతుందట. అంతగా కావాలంటే మనమూ పాడదాం. ఆఖరి నిమిషం దాకా పోటీ పడదాం.”

“ఆఖరి నిమిషంలో చేయి జారిపోతే?”

“జారితే జారింది. షెడ్డు నిండా ఉన్నవి చాలవా?”

తండ్రి కిటికీ అవతల ఎటో చూస్తూ కూర్చున్నాడు.

ఆయన వడ్రంగి. పెళ్ళైన కొత్తలో ఒక దుకాణానికి వరసగా చేసిచ్చిన ఉయ్యాలలవి. తలవైపు పలక మీద చిన్న నెలవంక చెక్కి ఉంటుంది. కూతురు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. మూడేళ్ళ కిందట ఒక సెలవురోజున, అన్నాలు తిన్నాక ఆమె ఫోనులో పాత సామాన్లు చూస్తుంటే, పక్కనుంచి తొంగిచూసి “ఆగాగు, అది నాది!” అని ఉలిక్కిపడ్డాడు. అప్పటినుంచీ ఇదే యావ. నెలవంక ఎక్కడ కనిపించినా వేలం ముగిసేదాకా ఆగలేడు. అమ్మేవాళ్ళని బతిమాలేవాడు. కొందరు మోసగాడనుకున్నారు. ఒకాయన తిట్టి మరీ ఇచ్చాడు.

చేతిపని మీద మమకారం అనుకుంది కూతురు. ఊళ్ళు పట్టిపోయిన పిల్లల్ని ఒక్కొక్కరినీ ఇంటికి పిలుచుకుంటున్నాడనుకుంది.

సాయంత్రాలు షెడ్డు తలుపు తీస్తే గాలికి అవన్నీ ఒక్కసారిగా కదిలేవి. రంపపు పొట్టు వాసన, రేకు సందుల్లోంచి జారే పసుపు వెలుతురు, చప్పుడు చెయ్యకుండా ఊగే ఖాళీ ఉయ్యాలలు. ఆ గుమ్మంలో నిలబడితే ఆమెకు మగతగా ఉండేది. ఎవరో సన్నగా కూనిరాగం తీస్తున్నట్టు, తను ఆ రాగం మీద ఎక్కడికో తేలిపోతున్నట్టు అనిపించేది. ఇంతలో తండ్రి లోపలికొచ్చి, ఒక్కొక్కదాన్నీ చేత్తో పట్టి ఆపేసేవాడు.

ఒకసారి పక్కింటి పిన్ని, కోడలికి నెలలు నిండాయని ఒక ఉయ్యాల అరువడిగింది. “ఇవి ఇచ్చేవి కావమ్మా” అని మొహం మీదే చెప్పేశాడు. ముసలాడు పిసినారి అని పిన్ని మూతి ముడుచుకుంది. వారం తిరక్కుండా కొత్త ఉయ్యాల చేసి వాళ్ళ గుమ్మంలో పెట్టొచ్చాడు. కొత్తది చెయ్యడానికి లేని బద్ధకం పాతది ఇవ్వడానికి వచ్చిందేమిటని కూతురు నవ్వుకుంది.

ఈసారి అమ్మే ఆవిడ స్కూలు టీచరు. మూడో సందేశానికి విసిగి తనే ఫోన్ చేసింది. కూతురు స్పీకరు పెట్టి తండ్రికిచ్చింది.

“బాబాయిగారూ, మీరు అడిగే తీరు చూస్తే అందులో నిధేదో ఉన్నట్టుందండీ!”

“నిధి కాదమ్మా. నేను చేసిన ఉయ్యాల.”

“ఐతే సంతోషించండి. ఇప్పటికి అందరికన్నా ఎక్కువ పాడిన అమ్మాయికి వచ్చేవారమే కాన్పట. బిడ్డ ఇంటికొచ్చేసరికి ఉయ్యాల సిద్ధంగా ఉండాలని ఎంత ఆశగా రాసిందో!”

తండ్రి పెదాలు తడుపుకున్నాడు. “మీ పిల్లలు పడుకున్నారా అమ్మా అందులో?”

“లేదండీ. మావారి పెద్దమ్మ ఇంట్లో అటక మీద దొరికింది. ఆవిడకు పిల్లల్లేరు. గుడ్డ కప్పి అలాగే ఉంచేసింది పాపం.”

ఆయన కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

“ఆ అమ్మాయికి నేను కొత్తది చేసిస్తాను తల్లీ. మంచి టేకుతో, కాన్పు కాకముందే. మీ చేతుల మీదుగానే ఇవ్వండి. ఇది మాత్రం నాకిచ్చెయ్యండి.”

ఆయన ముక్కు ఎగబీల్చి, చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

“ఏడుస్తున్నారా బాబాయిగారూ?” అంది టీచరు మెల్లగా. “అయ్యో, ఊరుకోండి. ఆ అమ్మాయితో నేను మాట్లాడతాను. పాట ఆపేస్తున్నా.”

అన్నమాట ప్రకారం నాలుగు రోజుల్లో కొత్తది చేశాడు. టీచరింట్లో అది దించి, పాతది ఎక్కించుకుని ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆయన బండి దిగీ దిగగానే షెడ్డులోని ఉయ్యాలలన్నీ పెరట్లోకి మోసుకొచ్చి వరసగా పెట్టాడు. నెలవంకలన్నీ ఆ ఎర్రటి ఎండలో మెరిశాయి. ఎంత ముచ్చటగా ఉన్నాయో అని ఆమె ఫొటో తియ్యబోయింది.

తండ్రి రంపం అందుకుని మొదటిదాన్ని అడ్డంగా కోయడం మొదలుపెట్టాడు.

“నాన్నా! మతి పోయిందా? ఇన్ని తిప్పలు పడి తెచ్చుకుని కోసేస్తావా?”

“కోసెయ్యడానికే తెచ్చాను.”

“ఎందుకని?”

“ఇనుము వాడకుండా ఒట్టి చెక్కచీల మీదే నిలబెడతానని పంతం పట్టాను అప్పట్లో. వయసు పొగరు. ఎండితే చీల వదులవుతుందని తట్టలేదు.” ఆయన తలెత్తలేదు. రంపం ఆగలేదు.

పొట్టు గాలిలో లేచి, వెలుతుర్లో నెమ్మదిగా తిరుగుతోంది.

“మొత్తం ఎన్ని చేశావు?”

“పన్నెండు.”

ఆమె లెక్కపెట్టింది. “ఇక్కడ పదకొండే ఉన్నాయి. ఐతే ఇంకోటి ఎక్కడో ఉందన్నమాట. కోద్దువుగాని ఉండు, ముందు దాన్ని వెతుకుతా.”

“అక్కర్లేదు. అది అమ్మలేదు. మనింట్లోనే ఉండేది.”

“మనింట్లోనా? నాకోసం చేశావా?”

రంపం ఆగింది.

“నీకో అక్క ఉండేది అమ్మడూ.”