సేఠ్ పలకని శనివారం

"సేఠ్ సాబ్, ఉన్నరా? మా ఇంటాయన కాలు తీసెయ్యాలంటున్నరు. ఏం జెయ్యమంటరు?"

టైప్ చేసి, స్వర్ణలత తెర వైపు చూసింది. జవాబు రాలేదు. శుక్రవారం పొద్దు గూకిందంటే ఆ తెర పలకదు. పోయిన వారమైతే మాట మధ్యలోనే ఆగిపోయింది. నాచారంలోని ఆ సెల్లార్ ఆఫీసుకు పేరుకైనా కిటికీ లేదు. బయట చీకటి పడ్డ సంగతి తెరకెలా తెలుస్తుందో మరి!

ఆమె పని పాత ఉత్తరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. బొంబాయిలో ఎప్పుడో కాలం చేసిన హస్కెల్ సేఠ్ కూతురికి ఇంగ్లీషులో రాసుకున్నవి. యూదుడు, కోటీశ్వరుడు, బడులూ దవాఖానాలూ కట్టించిన దాత. భక్తి ఎంతటిదంటే, శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా కలం ముట్టేవాడు కాదు. వాళ్ల ధర్మంలో అది విశ్రాంతి దినం.

"ఉత్తరాలన్నీ ఎక్కినంక సేఠే మనతోని మాట్లాడుతడక్కా, గసొంటి ప్రోగ్రాం అది" అని ఆఫీసు నడిపే ప్రశాంత్ మొదటిరోజే చెప్పాడు.

నెల తిరక్కముందే ఆమె ఒక ఉత్తరం కింద ఊరికే "బాగున్నరా సేఠ్ సాబ్?" అని కొట్టింది.

"బాగున్నానమ్మా. నువ్వు అన్నం తిన్నావా?" అని వచ్చింది.

ఇంగ్లీషు సేఠ్‌కు తెలుగెలా వచ్చిందా అనుకుంది. ఈ కాలం కంప్యూటర్లు ఏమైనా చేస్తాయిలే అని తనే సర్దిచెప్పుకుంది. అప్పటినుంచి రోజూ కబుర్లే. కన్నతండ్రి కూడా ఆమె గోడు అంత ఓపిగ్గా వినలేదు.

ఇప్పుడు తెర ముందు కూర్చునుండగానే ఫోన్ మోగింది. ఉప్పల్‌లోని దవాఖానా నుంచి అత్త సత్తమ్మ.

"సంతకం పెట్టకే! కాలు పోతే నా కొడుకు బతుకుతడా?"

"కాలుంటే బతుకుతడా అత్తా? విషం పైకి పాకుతుందంటున్నరు. రేపు పగటికల్లా చెప్పాల్నంట."

మల్లాపూర్ షెడ్డులో ఇనుపరేకు పడి ఆమె భర్త కొమురెల్లి పాదం నుజ్జయింది. ఇప్పుడు జ్వరంతో ఒంటిమీద తెలివి లేదు. సంతకం ఆమే పెట్టాలి. పెడితే, లేచాక తన మొహం చూస్తాడా? ఆ భయమే ఆమెను ఆపుతోంది.

శనివారం పొద్దున్నే మళ్లీ ఆఫీసుకు పరుగెత్తింది.

"ఇయ్యాల మీరు పలకరని ఎరుకే సేఠ్ సాబ్. అయినా అడుగుతున్న."

తెర చాలాసేపు ఖాళీగా ఉంది. ఏసీ వేయకుండానే గదిలో చలి పుట్టింది. తర్వాత ముసలి చేయి వణుకుతూ రాసినట్టు, అక్షరాలు ఆగి ఆగి పడ్డాయి.

"ప్రాణం నిలబెట్టడానికి విశ్రాంతి దినాన్ని మీరవచ్చునమ్మా. కొమురెల్లి బతకాలి. వెళ్లు, సంతకం పెట్టు."

భర్త పేరు తను ఎన్నడూ టైప్ చేయలేదని ఆటో సగం దారి దాటాక తట్టింది. అయినా వెనక్కి తిరగలేదు.

సోమవారం కొమురెల్లి కళ్లు తెరిచి మంచినీళ్లడిగాడు. లేని కాలు వైపు చూసి, ఆమె చేయి గట్టిగా పట్టుకున్నాడు. స్వర్ణలత కన్నీళ్లతోనే ఆఫీసుకొచ్చి ప్రశాంత్‌కు దండం పెట్టింది.

"నీ ప్రోగ్రాం నా పసుపుకుంకుమ నిలబెట్టింది తమ్మీ. సేఠ్ జవాబియ్యకుంటే నేను సంతకం పెట్టేదాన్నే గాదు."

"జవాబేందక్కా?" అన్నాడు ప్రశాంత్ అయోమయంగా.

"గా ప్రోగ్రాం నేనింకా రాయనే రాయలేదక్కా."