సూదులమ్మే ఆమె కొప్పు

పోచంపాడు కట్టకు పునాది రాయి పడిన ఏడు. సద్దుల బతుకమ్మ నాటి మధ్యాహ్నం మెట్‌పల్లి గల్లీలో ఒక కేక.

“సిక్కెంటికలకు సూదులో… పిన్నీసులో!”

దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు తీసుకుని సూదులిచ్చే మనిషి. ఆమె కొప్పు ఎంతుందంటే, దాని నీడలో రెండు మేకలు హాయిగా పడుకోవచ్చు.

నేరుగా వచ్చి భూమవ్వ గడపలో కూర్చుంది.

“అక్కా, ఎంటికలున్నయా?”

భూమవ్వకు ఒళ్లు మండింది. పేనుకొరుకుడని అందరూ అంటే, కూతురు బాలలక్ష్మి తలకు రెండేళ్లుగా దీపాల్లో పోసే గ్యాస్‌నూనె రుద్దుతోంది. అణా బిళ్లంత మచ్చతో మొదలై జుట్టంతా పోయింది. కనుబొమలు పోయాయి. రెప్పల మీదవీ పోయాయి. ఏడాదిగా పిల్ల గడప దాటలేదు. ఇవాళ బతుకమ్మ ఎత్తమంటే బాయిల దుంకుతానంది.

“మా పిల్లను ఎక్కిరియ్యనీకొచ్చినవా ఏమే?”

ఆ అరుపుకు కోరుట్ల దాకా కోళ్లు ఎగిరిపడ్డాయి.

వచ్చినామె మాత్రం అదరలేదు. లోపలికి తొంగి చూసింది. గ్యాస్‌నూనె వాసన, తలుపు సందులో పిల్ల బోడి తల.

“గిది పేను పని గాదక్కా. కరీంనగర్ల డాక్టర్ చెప్పిండు. ఒంట్లె కావలోళ్లుంటరట. ఆళ్లే పొరపాటున మన ఎంటికలను దొంగలనుకొని తరుముతరట. అంటుకునేది గాదు, పానం దీసేది గాదు. గా నూనె బందు వెట్టు, తోలు పుండైతది.”

“గంపంత కొప్పు వెట్టుకున్నదానివి, మా బాధ నీకేమెరుక? లే, నడువ్!”

“జర పిల్లతోని ఒక్క మాట…”

“ఉండు, చీపురు దెస్త!”

పెరట్లో చీపురు వెతికి తెచ్చేసరికి గడప ఖాళీ.

గది తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. బాలలక్ష్మి బయటికొచ్చింది. కొంగు కప్పుకోలేదు. బోడి తల మీదే బతుకమ్మ ఎత్తుకుని వాకిట్లో నిలబడింది.

గల్లీలో ఒక్కరూ నవ్వలేదు. సూర్యుడు కూడా దిగడం మానేసి చూశాడు.

భూమవ్వ కూతురి ముందుకొచ్చి నిలబడింది.

“ఏం మందు వెట్టిందే బిడ్డా?”

“ముందుగాల ఆమెను పిలువే అవ్వా. గుక్కెడు నీళ్లన్న ఇయ్యకపోతిమి.”

చీపురు చేతిలో ఉండగానే భూమవ్వ బస్టాండుకు ఉరికింది. బస్సు పోయింది. దుమ్ము మాత్రం లేస్తోంది.

రొప్పుతూ తిరిగొచ్చి కూతురి చెంపలు పట్టుకుంది.

“పోయిందే. గంతగనం ఏం జేసిందే నిన్ను?”

“ఏం జెయ్యలేదే అవ్వా. తన కొప్పు ఊడదీసి నా ఒళ్లె వెట్టింది… ఆమెది గూడ నా లెక్కనే, నున్నటి తలనే.”