దేవత కనుబొమ

"ఇసకా బూడిదా కలిపి జావ కాచుకునేవాడివి. నీతో పనిపడటం మా ఖర్మ!" అంటూ రాతిపనివాళ్ల పెద్ద ఇనేని, గాజు కొలిమి ముందున్న కెన్నా ఒళ్లోకి నీలి ముక్క ఒకటి విసిరాడు. రెండోది గుప్పిట్లోనే ఉంచుకున్నాడు.

నైలు ఒడ్డు గుళ్లో దేవత విగ్రహానికి ఇనేని తాత పొదిగిన కనుబొమ అది. నిన్న ఊడిపడి రెండయింది.

"తూర్పు కొండల నుంచి గాడిదల మీద వచ్చిన అసలు నీలిరాయి. ఇప్పుడు దొరకట్లేదు. ఎల్లుండే ఊరేగింపు, నీ గాజుతోనే కానియ్యి. రంగు మాత్రం దీన్ని చూసి కలుపు. చూసైనా నేర్చుకో."

కెన్నా ముక్కను ఎండకు ఎత్తిపట్టాడు. లోపల ఇసకరేణువంత గాలిబుడగ కనిపించింది.

"అయ్యా, దీన్ని ఓసారి నిప్పులో పెట్టనా?"

"పెట్టుకో! రాయి కరుగుతుందా, నీ మొహం!"

కెన్నా పటకారుతో ముక్కను కొలిమిలో పెట్టాడు. కాసేపటికి దాని అంచులు తేనెలా జారాయి.

"మా తాత..." అని గొణుగుతూ ఇనేని గుప్పిట విప్పి రెండో ముక్కను ఎండకు ఎత్తి చూశాడు.

"ఆ రెండోది కూడా ఇలా పడెయ్యండయ్యా," అన్నాడు కెన్నా. "రాయైతే విరిగాక ఎందుకూ పనికిరాదు. జావే కదా, మళ్లీ కాచి పోస్తాను."