ఐదు బుధవారాలు

బంద్ ఎప్పుడో అందరికన్నా ముందు పెళ్లివాళ్లకు తెలియాలి. అందుకే ఆ వేసవిలో యూనివర్సిటీ హాస్టల్ వరండాలో పొద్దున్నే జనం క్యూ కట్టేవారు.

తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది. తార్నాక వైపు బంద్‌లు ఏ రోజు పెట్టాలో చూసేది విద్యార్థి నాయకుడు బాలరాజు. వరండాలో ఒక డైరీ ముందు పెట్టుకుని కూర్చునేవాడు. శుభలేఖ చూపించి గోడు చెప్పుకుంటే, సబబనిపిస్తే, ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టేవాడు. సున్నా పడ్డ రోజు బంద్ ఉండదు. ఇలాంటి ఏర్పాటు ఏ చట్టంలోనూ లేదు. అయినా భేషుగ్గా నడిచింది.

ఆ క్యూలో సోమయాజులు గారు మూడు రోజులుగా నిలబడుతున్నారు. కాకినాడ నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడి ముప్ఫై ఏళ్లయింది. బ్యాంకులో రిటైరయ్యారు. బస్‌స్టాపు ఎదురుగా మేడ మీద ఒక హాలు తీసుకుని, దేశదేశాల సంగీతం తెప్పించి, వచ్చిన వాళ్లకు ఊరికే వినిపిస్తారు. ఆయనకదో పిచ్చి. భార్య కమలాదేవి లెక్కలో అదొక్కటే పిచ్చి కాదు గానీ, ఆ సంగతి ఇక్కడ వద్దు.

మొదటి రోజు ఆయన వంతు వచ్చేసరికి పోలీసు జీపు వచ్చింది. క్యూ చెల్లాచెదురైంది. రెండో రోజు బాలరాజు దగ్గరికి వెళ్లి, "కాస్త విడిగా మాట్లాడాలి బాబూ," అన్నారు. చుట్టూ నలభై మంది. విడిగా ఎక్కడ మాట్లాడతారు? నీళ్లు నమిలి ఇంటికెళ్లిపోయారు.

మూడో రోజు ఇక మొహమాటపడితే లాభం లేదనుకుని చేతిలోని కాగితం ఇచ్చేశారు. వేసవి కచేరీల జాబితా. ఐదు తేదీల కిందా ఎర్రగీత గీసి ఉంది.

బాలరాజు కళ్లు పెద్దవయ్యాయి.

"ఐదు బుధవారాలా? పెండ్లికే ఒక్క దినం ఇస్తున్న సార్."

"ఐదూ కావాలి బాబూ. ఒక్కటి తప్పినా హాలు పోతుంది."

నిజమే. శని, ఆదివారాలు హాలును పుట్టినరోజులకిచ్చే యజమాని వెంకటనర్సయ్య, బుధవారాలు మాత్రం ఈయనకు వదిలాడు. పోయిన వేసవిలో ఆరు కచేరీలు జరిగాయి. నాలుగింటికి పదిమంది కూడా రాలేదు. రెండింటికి మాత్రం జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు. "ఈసారి ఐదుకు ఐదూ నిండాలె సార్. లేకుంటే జూన్ల కోచింగ్ సెంటరోళ్లకు ఇచ్చేస్త," అన్నాడు వెంకటనర్సయ్య. ఆ మాట విన్నప్పటి నుంచి సోమయాజులు గారికి అన్నం సయించడం లేదు. ఆ హాలు లేకపోతే తాను ఉండీ ఏం ప్రయోజనమని ఆయన బాధ.

బాలరాజు పక్కన కూర్చున్న శైలజ కాగితం లాక్కుని చూసింది. ఉద్యమంలో ఆమె మాటంటే బాలరాజుకూ భయమే.

"అన్నా, గీ సార్ పాటల కోసం ఉద్యమం ఆపుతమా?"

"ఆపకూడదమ్మా," అన్నారు సోమయాజులు గారు వెంటనే. "ఒక్క రోజు కూడా ఆపకూడదు."

క్యూ అంతా ఆశ్చర్యపోయింది. కొడుకు పెళ్లి తేదీ కోసం వచ్చిన పోచయ్య, "పెద్దమనిషంటే గట్లుండాలె," అని తల ఊపాడు. శైలజ కాగితం తిరిగిచ్చేసింది.

బాలరాజు ఈసారి నెమ్మదిగా చదివాడు. మొదటి బుధవారం ఆఫ్రికా నుంచి కోరా వాద్యం. తర్వాత ఇరాన్ సంతూర్. తర్వాత ఐర్లాండ్ ఫిడేలు. జావా గంటలు. చివరి పేరు దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంది సార్? మాణికేశ్వర్ నగర్ బిక్షం. డప్పు. మా బిక్షం మామనేనా?"

"ఆయనే. ప్రపంచ సంగీతంలో తార్నాక లేదా బాబూ? ముగింపు ఆయనదే."

బాలరాజు ఆ పేరు మీద వేలు పెట్టాడు. ఆ డప్పు వింటూనే పెరిగాడు. ఊరేగింపుల ముందు నడిచి నడిచి బిక్షం మామ జుట్టు తెల్లబడింది. ఆయన పేరు ఒక కాగితం మీద అచ్చులో చూడడం ఇదే మొదటిసారి.

"సార్, మీ మనసు నాకు సమజయ్యింది."

"లేదు బాబూ, అసలు సంగతి నేనింకా..."

"మీరేం చెప్పొద్దు. మేం గంత రాతిగుండెలోళ్లమా?"

డైరీ తెరిచి ఐదు సున్నాలు చుట్టాడు. అంతటితో ఆగలేదు. కుర్చీ ఎక్కాడు.

"ఐదు బుధవారాలు తార్నాకల బంద్ లేదు. అడిక్‌మెట్ కెళ్లి చౌరస్తా దాంక ఒక్క బస్సు ఆగది. ఒక్క ఆఫీసు మూతబడది. ఇది మా జబాన్."

వరండా చప్పట్లతో మోగిపోయింది. పోచయ్య సోమయాజులు గారిని వాటేసుకున్నాడు. శైలజ కూడా దండం పెట్టింది. ఆయన మాత్రం మెట్టు మీద కూలబడిపోయారు. సంతోషం పట్టలేకపోయాడు పాపం అనుకుని ఎవరో మంచినీళ్లు తెచ్చారు. గ్లాసు పట్టుకున్నారు గానీ తాగలేదు.

జనం పలచబడ్డాక సోమయాజులు గారు బాలరాజు చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు. చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించారు.

"బాబూ, పోయిన వేసవిలో తార్నాకంతా ఇంకే పనీ లేక మా మెట్లెక్కిన ఆ రెండు రోజులూ మీరు బంద్ పెట్టినవే, ఈ ఐదు బుధవారాలూ అలాగే పెట్టించమని అడుగుదామనే మూడు రోజులుగా నిలబడ్డాను."