సెల్ఫ్ కొట్టినప్పుడల్లా

ముప్కాల్ దారిలో ఆగిపోయిన అంబాసిడర్ బానెట్ కింద తలపెట్టి, ఆర్మూర్ మెకానిక్ హన్మండ్లు అన్నీ చూశాడు. స్పార్క్ వస్తోంది. పెట్రోలూ అందుతోంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది కానీ అంటుకోవడం లేదు. కొట్టినప్పుడల్లా డిక్కీలో మాత్రం ఏదో దబదబా తన్నుకుంటోంది.

"డిక్కీల ఏమున్నది పటేలా?"

"మేక. నీ పని నువ్వు చూస్కో," అన్నాడు కారు యజమాని. అతని చేతిలోని ఇనుప రాడ్డు కొనకు పొడుగాటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

హన్మండ్లు టార్చి పట్టుకుని వెనక్కి వెళ్లాడు. డిక్కీ అంచు నుంచి నెత్తురు సైలెన్సర్ గొట్టం మీదికి కారుతోంది. గొట్టంలో వేళ్లు పెట్టి చూశాడు. ఎవరో పచ్చి పసుపు కొమ్ములు నలగ్గొట్టి బిర్రుగా కుక్కారు. పొగ పోయే దారి మూసుకుపోయింది. అవి పీకేస్తే చాలు, బండి కదులుతుంది.

రేకు అవతల నుంచి ఒక ఆడగొంతు గుసగుసలాడింది. "తియ్యకు అన్నా. ఈడ బండాపి నన్ను డిక్కీల ఏసేముందు నేనే పెట్టిన."

హన్మండ్లు లేచి నిలబడ్డాడు. "కాయిల్ కాలింది పటేలా. గీ రాత్రికి కదలది."

పటేలు టార్చి లాక్కుని, వెలుగు అతని చేతుల మీద వేశాడు.

"మెకానిక్ చేతులు నల్లగుంటయ్ గద," అన్నాడు నెమ్మదిగా, రాడ్డు పైకెత్తుతూ. "నీయి పచ్చగెందుకైనయ్?"