బల్ల పట్టని పీట

వంటింటి కంచాలను కూడా బల్లలే గాలి పీల్చి పట్టుకుంటున్న కాలమది. వడ్రంగి మౌనాచారి పనిబల్ల మాత్రం పొద్దుటినుంచి ఊరికే బుసకొడుతోంది. తన తాత చేసిన దేవుడి పీట అంచు పెచ్చులు లేచింది. సాయంత్రం పూజలోపు చిత్రిక పట్టాలి. పురుగు తొలిచిన చిల్లుల్లోంచి గాలి దూరుతుంటే, బల్ల పీటను పట్టినట్టే పట్టి వదిలేస్తోంది.

కాలుగాలిన పిల్లిలా బల్ల చుట్టూ తిరిగి తిరిగి, ఆచారి బల్ల గాలిపంపు ఆపేశాడు. నేలమీద కూర్చుని పీటను కాలితో అదిమాడు.

"దేవుడి పీట మీద కాలేంటి నాన్నా?" అంది, బల్ల మీదే పని నేర్చిన కూతురు కాళిక.

ఉలిక్కిపడి కాలు తీశాడు. ఏం చేయాలో తోచక పీటను తిరగేశాడు. అడుగున రంగు పూయని చోట, చెమటకు నల్లబడిన కాలి బొటనవేలి ముద్ర ఉంది.

"మీ ముత్తాతది," అన్నాడు.

కాళిక వంగి ఆ ముద్రను చూసింది. బూట్లు విప్పి, పీట రెండో చివర తన పాదం ఆనించింది.

"ఊఁ, కానియ్ నాన్నా."